హాలంతా విన్న మాట

ఆ ఉదయం మైకాసురుడి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. పెళ్ళికొడుకైనా అంత హడావిడి పడడు. స్పీకర్లు వ్యాన్లోంచి తనే దించాడు, వైర్లు తనే లాగాడు. ప్రార్థన మందిరం హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకు కాలుకాలిన పిల్లిలా తిరుగుతూ మధ్యమధ్య తనలో తనే నవ్వుకుంటున్నాడు. అతని వెనకాలే వైర్ల చుట్టలు మోసుకుంటూ నడుస్తున్న మేనమామకి ఆ నవ్వు చూస్తే భయం వేసింది.

మైకాసురుడన్నది ఎవరో కోపంతో పెట్టిన పేరు కాదు. మైకు సెట్లు అద్దెకిచ్చేవాడికి, అందులోనూ వీధి చివర గుసగుసలాడినా వీధి మొదట్లో వినపడేంత గొంతున్నవాడికి, అంతకంటే తగిన పేరు దొరకదు. అతను నాస్తికుడు. అలాంటిలాంటి నాస్తికుడు కాదు, పొద్దున్నే పళ్ళు తోముకుంటూ దేవుడు లేడని అద్దానికి కూడా చెప్పే రకం. అయినా ప్రార్థన మందిరానికి ఏళ్ళ తరబడి మైకులు పెడుతున్నది అతనే. ఇదేమిటయ్యా అని ఎవరైనా అడిగితే, “దేవుడు లేకపోయినా సభ జరుగుతుంది, సౌండు లేకపోతే జరగదు” అనేవాడు.

ఇవాళ ఆ దేవుడి గాలి తీసేయబోతున్నాడు. అదీ సంబరం.

ఉపాయం చాలా చిన్నది. మందిరంలో బోధ చేసే పెద్దాయన మంచివాడే గానీ గొంతు మాత్రం పీల గొంతు, దగ్గి దగ్గి అరిగిపోయింది. మైకులన్నీ వచ్చి కలిసే మిక్సర్ పెట్టె మీద ఎకో అని ఒక గుండ్రటి మీట ఉంటుంది. మైకాసురుడు దాన్ని ఎడమచేతి బొటనవేలితో కాస్త తిప్పితే చాలు, ఆ పీల గొంతే ఎక్కడో లోయలోంచి లేచి వచ్చినట్టు హాలంతా నిండిపోతుంది. పెద్దాయన “మీరు పోగొట్టుకున్నవారు మిమ్మల్ని వింటున్నారు” అంటాడు. వింటున్నారు, వింటున్నారు, వింటున్నారు అని గోడలు పలుకుతాయి. జనం బావురుమంటారు. అది దేవుడి మహిమ కాదని, తన బొటనవేలి మహిమేనని మైకాసురుడికి ఒక్కడికే తెలుసు.

ఆ మాట దగ్గర బావురుమనేవాళ్ళలో అతని అక్క కూడా ఉంది. ఇవాళ సభ అయ్యాక బస్సు ఎక్కి, మందిరం వాళ్ళకి కొండ మీద ఉన్న నివాసంలో చేరిపోబోతోంది. అక్కడ చేరినవాళ్ళు పొద్దున, సాయంత్రం పాడుకుంటారు, తోటపని చేసుకుంటారు, తిరిగి ఇంటికి రారు. అందుకే పెద్దాయన ఆ మాట అనే సమయానికి వేదిక మైకుల మీటలన్నీ ఒక్క దెబ్బకి కిందికి లాగేసి, వాటి నోరు నొక్కేద్దామని మైకాసురుడి పథకం. ఎకో లేని ఆ దగ్గు గొంతు విని అక్క కళ్ళు తెరుస్తుంది, బస్సు ఖాళీగా పోతుంది, సాయంత్రానికి ఇద్దరూ ఇంట్లో కూర్చుని నవ్వుకుంటారు!

“ఒరే అల్లుడూ, నాకెందుకో ఇది బాగోలేదనిపిస్తోందిరా,” అన్నాడు మామయ్య, వైర్ల చుట్ట దించుతూ.

“నీకు దేవుడంటే భయం మామయ్యా.”

“దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలీదు. కరెంటు మాత్రం ఉంది. ముట్టుకుంటే కొడుతుంది. మీ అక్క కూడా అంతే.”

మామయ్య మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసి, మైకాసురుడు హాలు పరీక్షలో పడ్డాడు. మిక్సర్ పక్కన ఒక చిన్న మైకు ఉంటుంది. బటన్ నొక్కి అందులో మాట్లాడితే, వేదిక పక్కన కూర్చునే మామయ్య హెడ్‌ఫోన్లలో మాత్రమే వినపడుతుంది. సభ మధ్యలో ఆ మైకు మార్చు, ఈ వైరు చూడు అని చెప్పడానికి అది. పొద్దున్న వేదిక మీద మాట్లాడేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి, అతను ఆ చిన్న మైకునే హాలు స్పీకర్లలోకి మళ్ళించి, ఎకో పెట్టి, హలో హలో అంటూ హాలు ఎలా పలుకుతోందో చూసుకుంటాడు. చూసుకున్నాక మళ్ళీ మామయ్య చెవికి మార్చేస్తాడు. నిద్రలో లేపినా చేసేయగల పని.

సరిగ్గా ఆ సమయానికే అక్క వచ్చింది.

అక్కంటే అతనికి అక్క ఒక్కటే కాదు. అమ్మ పోయినప్పుడు అతనికి సరిగా చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. కర్టెన్ల దుకాణంలో కుట్టుమిషన్ తొక్కి, తమ్ముణ్ణి పెంచి, మొదటి స్పీకర్ల జత కొనిపెట్టింది ఆవిడే. పెళ్ళయ్యాక కూడా తమ్ముణ్ణి ఇంట్లోంచి కదలనివ్వలేదు. బావ కూడా అలాంటివాడే. అక్కాతమ్ముళ్ళు పోట్లాడుకుంటుంటే మధ్యలో కూర్చుని, ఇద్దరి పక్షానా తల ఊపుతూ అన్నం తినేవాడు. నిరుడు ఒకనాడు అలా తింటూనే పక్కకి ఒరిగిపోయాడు.

అప్పుడు మైకాసురుడు ఏం చేశాడంటే, అక్కని కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. “అక్కా, బావ లేడు. పైన లేడు, కింద లేడు, ఎక్కడా లేడు. ఉన్నదున్నట్టు ఒప్పుకోవటంలోనే ధైర్యం ఉంది” అన్నాడు. అతని నాస్తిక సంఘం నుంచి అధ్యక్షుడు లెక్కల మాస్టారు వచ్చి, గుమ్మంలో నిలబడే “సహజం, సహజం” అని రెండుసార్లు అని వెళ్ళిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు, పాపం ఆయనకి అంతకంటే ఏం చెప్పాలో తెలియదు. ఆ సాయంత్రమే మందిరం నుంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఎవరూ ఏమీ బోధించలేదు. ఒకావిడ వంట చేసింది, ఒకావిడ అంట్లు తోమింది, మిగిలిన ఇద్దరూ అక్కని మధ్యలో పడుకోబెట్టుకుని చెరో పక్కా పడుకున్నారు. తర్వాత అక్క సాయంత్రాలు ఇంట్లో ఉండడం మానేసింది.

ఇప్పుడు అక్క అన్నం డబ్బా మిక్సర్ బల్ల మీద పెట్టింది.

“తినేయ్, చల్లారిపోతుంది. నీళ్ళ మోటారు వేసి మర్చిపోకు. పాలవాడికి రేపటినుంచి సగమే చాలని చెప్పాను.”

పాలవాడికి కూడా చెప్పేసిందా! మైకాసురుడి గుండెలో రాయి పడింది. ఆ బాధ నోట్లోంచి ఎలా బయటికి రావాలో తెలియక, ఎప్పట్లాగే పాఠమై వచ్చింది.

“ఇది తప్పించుకోవటం అక్కా. పారిపోవటం.”

“అవునురా. కాలుతున్న ఇంట్లోంచి పారిపోయేవాళ్ళని ఎవరైనా తిడతారా?”

“ఇది తలుపు కాదక్కా, గోడ మీద గీసిన తలుపు బొమ్మ! తోస్తే తెరుచుకోదు.”

“గీసిందే అనుకో. వాళ్ళు తలుపైనా గీసి చూపించారు. నువ్వు గోడ చూపించావు.” ఆవిడ అతని కాలరు సర్ది, పాటగాళ్ళ వరసలోకి వెళ్ళిపోయింది.

మైకాసురుడు అన్నం డబ్బా పక్కకి జరిపాడు.  సరే, ఎవరి తలుపు ఏమిటో ఇంకాసేపట్లో హాలంతా చూస్తుంది కదా అని తనకి తనే ధైర్యం చెప్పుకుని మిక్సర్ ముందు కూర్చున్నాడు.

హాలు కిటకిటలాడిపోయింది. కుర్చీలు చాలక జనం గోడల పొడుగునా నిలబడ్డారు. ఆఖరి వరసలో లెక్కల మాస్టారు ఎవరూ గుర్తుపట్టకుండా టోపీ కళ్ళదాకా లాక్కుని కూర్చున్నాడు. ప్రయోగం చూడటానికి మైకాసురుడే పిలిచాడు. ఆయన టోపీ పెట్టుకోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు కాబట్టి, అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

పాటలయ్యాయి. పెద్దాయన లేచాడు.  మైకాసురుడు ఎకో మీట తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. ఎంత పైకి ఎక్కిస్తే అంత గట్టిగా కింద పడుతుంది కదా మరి! పెద్దాయన గొంతు ఆకాశమంత అయింది. ముందు వరసల్లో అప్పుడే ముక్కులు చీదుతున్నారు.

“మీరు పోగొట్టుకున్నవారు...” అన్నాడు పెద్దాయన.

మైకాసురుడు రెండు చేతుల వేళ్ళూ చాచి వేదిక మీటలన్నీ ఒక్కసారిగా కిందికి లాగేశాడు.

“...మిమ్మల్ని వింటున్నారు.” వినపడింది ముందు మూడు వరసలకే. ఒక ముసలాయన దగ్గు, గుక్క తిప్పుకోవడం, మళ్ళీ దగ్గు. హాలు బిక్కమొహం వేసింది. జనం వెనక్కి తిరిగి చూశారు. లెక్కల మాస్టారు టోపీ పైకెత్తాడు. అయిపోయింది, గెలిచాం! మైకాసురుడు కుర్చీలోంచి సగం లేచి అక్క మొహం కోసం వెతికాడు.

అక్క అటూ ఇటూ చూడలేదు. మైకు చచ్చిందని తెలిసి దాన్ని పక్కన పెట్టింది. గొంతు సవరించుకుని ఉత్త గొంతుతోనే పాట ఎత్తుకుంది.

ఆ గొంతు గొప్పదేమీ కాదు. రెండో చరణంలో శ్రుతి తప్పింది కూడా. కానీ పక్కావిడ అందుకుంది, ఆ పక్కావిడ అందుకుంది, వరస వెనక వరస లేచి నిలబడి అందుకుంది. ఎకో లేదు, మైకు లేదు, కరెంటు అక్కర్లేదు. ఇన్నేళ్ళుగా ఆ హాల్లో అంత సౌండు మైకాసురుడు ఎన్నడూ పుట్టించలేకపోయాడు. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. మామయ్య హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని, కళ్ళు మూసుకుని, రాని పాటని రాగం తీస్తున్నాడు.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచునంటారు. ఆ సామెత అప్పుడు అతని మొహం మీద ఎవరైనా అంటే కొట్టి ఉండేవాడు.

“మామయ్యా, అయిపోయింది, చుట్టేయ్. అక్క వెళ్ళిపోతుంది,” అన్నాడు బటన్ నొక్కి. మైకుకి దూరంగా అన్న ఆ నీరసపు మాట పాట హోరులో ఎవరికీ వినపడలేదు. నొక్కిన బటన్ నొక్కినట్టే ఉండిపోయింది. పాట ఇంక వినలేక తన పెద్ద హెడ్‌ఫోన్లు చెవులకి బిగించుకున్నాడు. వాటిలో ఏమీ మోగడం లేదు. బయటి చప్పుడు రాకుండా ఉంటే చాలు. తలని మిక్సర్ బల్ల మీద, ఆ చిన్న మైకు పక్కనే ఆన్చి కళ్ళు మూసుకున్నాడు. పారిపోవడం తప్పని అక్కకి అన్నేసి పాఠాలు చెప్పినవాడు పారిపోయింది అలా.

ఆ చీకట్లో, ఆ నిశ్శబ్దంలో, మనసులో ఉన్నది నోట్లోకి వచ్చేసింది. వినేవాడెవడూ లేడనుకున్నప్పుడు మనిషికి మాట ఎంత సులువో!

“నువ్వు లేవని నాకు తెలుసు,” అన్నాడు. “తెలిసే అడుగుతున్నాను. ఇంకెవర్ని అడగాలో తెలీక అడుగుతున్నాను. మా అక్కని పంపించకు. ఆవిడ లేని ఇంటికి తాళం తీసుకుని లోపలికి వెళ్ళాలంటే నాకు భయంగా ఉంది. బావ పోయినప్పుడు నేను ఏడవలేదు. నేను కూడా ఏడిస్తే అక్కని ఎవరు చూస్తారని ఏడవలేదు. ఆ ధైర్యం పాఠాలన్నీ నాకోసం చెప్పుకున్నవే. అవి నాకూ పనిచేయలేదు. ఇదిగో చూడు, నీకు ఇంతమంది ఉన్నారు. నాకు ఆవిడొక్కతే.”

పాట అంతకుముందే ఆగిపోయింది. నువ్వు లేవని నాకు తెలుసు అన్న మొదటి మాటకే ఆగిపోయింది. అక్క పొద్దున వచ్చిన హడావిడిలో అతను ఆ చిన్న మైకుని మామయ్య చెవికి మార్చడం మర్చిపోయాడు. అతను మూసింది వేదిక మైకుల్ని మాత్రమే. ఈ మైకు పొద్దున్న ఎలా పెట్టాడో అలాగే హాలు స్పీకర్లన్నిటిలో, బయట ఆవరణలో స్తంభాలకి కట్టిన వాటిలో కూడా, నిండా ఎకోతో మోగుతోంది. పుట్టి బుద్ధెరిగిన మైకువాడెవడూ చేయని పొరపాటు, మైకువాడు తప్ప ఇంకెవడూ చేయలేని పొరపాటు.

ఎవరో భుజం తట్టినట్టనిపించి తలెత్తాడు. మామయ్య. దూరం నుంచి రెండు చేతులూ ఊపీ ఊపీ లాభం లేక పరిగెత్తుకొచ్చాడు. అతని వెనక, హాల్లో ఎన్ని మొహాలున్నాయో అన్నీ ఇటే తిరిగి ఉన్నాయి. మైకాసురుడు హెడ్‌ఫోన్లు తీశాడు. పైన స్పీకర్లలో తన గొంతే, తన కొస మాటే, ఒక్కతే, ఒక్కతే, ఒక్కతే అంటూ సన్నగిల్లుతోంది. వృత్తి ధర్మం ఎక్కడికి పోతుంది, ఎకో బాగా కుదిరిందని ఆ క్షణంలో కూడా అనిపించింది. ఆ తర్వాతే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

వేదిక మీద పెద్దాయన కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకుంటున్నాడు. ఆఖరి వరసలో లెక్కల మాస్టారు టోపీ నేల మీద పడి ఉంది. జనంలో ఎవరో ముసలమ్మ, “అడిగాడమ్మా, పిల్లాడు అడిగాడు,” అంది పక్కావిడతో, తన సొంత కొడుకు గురించి చెప్పుకున్నట్టు.

కుర్చీల మధ్యనుంచి అక్క నడిచి వస్తోంది. జనం మోకాళ్ళు పక్కకి తిప్పుకుని దారిస్తున్నారు. వచ్చి బల్లకి ఆ పక్క నిలబడింది. ఆవిడకి కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో, మొహం చూస్తే తెలియడం లేదు. రెండూ వచ్చి ఉంటాయి.

“మైకులు నువ్వే తీశావు కదూ?”

“నేనే. ఆ గొంతంతా ఎకోయే అక్కా. నీకు చూపిద్దామని...”

“నాకు తెలీదట్రా? ఆ ఎకో మీట నువ్వు మొదటిసారి తిప్పింది మన వంటింట్లో, నా పాట మీద. నాకు ముందునుంచీ తెలుసు. తెలిసే వచ్చాను. ఏడవటానికి నాకో చోటు కావాలి. ఇక్కడ ఏడిస్తే ఎవరూ పాఠం చెప్పరు.”

అతను తల దించుకున్నాడు. ఆవిడ వదల్లేదు. 

“దేవుడు లేడు, లేడు, లేడు. ఏడాదిగా ఎన్నిసార్లు చెప్పావురా నాకు? పొద్దున చెప్పావు, సాయంత్రం చెప్పావు, అన్నం దగ్గర చెప్పావు. నువ్వున్నావని ఒక్కసారైనా చెప్పావా? వెళ్ళొద్దక్కా అని ఒక్క మాట అన్నావా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అక్కనే కదా! లేనివాణ్ణి అడగటానికి వచ్చిన నోరు, ఎదురుగా ఉన్నదాన్ని అడగటానికి రాలేదా?”

 మైకాసురుడు ఈసారి పాఠం వెతుక్కోలేదు.

“ఉన్నానక్కా,” అన్నాడు. “వెళ్ళొద్దు.”

బటన్ ఇంకా నొక్కే ఉంది. అది కూడా స్పీకర్లన్నిటిలో మోగింది. హాలంతా ఒక్కసారి గొల్లుమని నవ్వింది, ఆ నవ్వులోనే సగంమంది కళ్ళు తుడుచుకున్నారు. మామయ్య మాత్రం నవ్వకుండా ముందుకు వంగి బటన్ తీసేశాడు. లెక్కల మాస్టారు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఇది ప్రార్థన కిందికి వస్తుందో రాదో సంఘంలో చర్చించాల్సి ఉంటుందన్నాడు. అని, ఈసారి “సహజం” అనకుండా మైకాసురుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీయడం ఎప్పుడో ఆయనకి తెలియక అలాగే ఉంచేశాడు.

“సాయంత్రం పాటకి మాత్రం వస్తాను,” అంది అక్క. “రోజూ వస్తాను. గీసిన తలుపని నువ్వన్నా, ఇంకేమన్నా సరే, వస్తాను. దానికి అడ్డం రావద్దు.”

“రాను.”

“ఇప్పుడు పెద్దాయనకి మైకు పెట్టు. దగ్గి దగ్గి పోయేలా ఉన్నాడు.”

“ఎకో?”

“పెట్టరా. నీ సొమ్మేం పోయింది!” అంది అక్క, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ. “అది మామయ్య చూసుకుంటాడులే. నువ్వు ముందు బస్సు దగ్గరికి పరిగెత్తి నా సామాను దించిరా. డ్రైవరు బస్సు పైన కట్టేసి ఉంటాడు.”

పరిగెత్తాడు. కుర్చీలకి తగులుకుంటూ, సారీ సారీ అంటూ, వైర్లు దాటుకుంటూ, ఆవరణంతా ఒక్క ఊపున పరిగెత్తాడు. బస్సు ఇంజను ఆపేసి ఉంది. డ్రైవరు అప్పటికే పైకెక్కి, కట్టిన తాళ్ళు విప్పి, అక్క పెట్టెలు రెండూ కిందికి దించి, దుమ్ము దులుపుతున్నాడు. పైన స్తంభానికి కట్టిన స్పీకరు సరిగ్గా బస్సు నెత్తి మీదే ఉంది.

“ఈ రెండేనా, ఇంకా ఉన్నాయా?” అనడిగాడు డ్రైవరు.

ఇవే అని చెబుదామనుకున్నాడు మైకాసురుడు.  చిన్న పెట్టె మూత సందులోంచి బావ స్వెటర్ చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. అన్నీ వదిలేసి వెళ్ళిపోదామనుకున్న మనిషి అది మాత్రం పెట్టుకుంది. మైకాసురుడు బస్సు మెట్టు మీద కూలబడి, ఆ పెట్టెని ఒళ్ళోకి లాక్కుని, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, బావ కోసం మొదటిసారి భోరుమని ఏడ్చాడు. డ్రైవరు కాస్త జరగమని సైగ చేసి పక్కనే కూర్చున్నాడు.